వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?

మొన్న ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద నాలుగైదు పాత బండ్లు వరసగా ఆగి ఉంటే, మనసాగక నేనూ పక్కకు తీసి ఆపాను. అందులో ఒక నల్ల అంబాసిడర్ ఉంది. అద్దంలా మెరుస్తోంది. నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. దాని యజమాని పాతికేళ్ళ కుర్రాడు. ఎంతో ఇష్టంగా కిందికి వంగి మరీ చూపించాడు. ముందు చక్రాలకు స్ప్రింగుగా పనిచేసే, మెలి తిరిగే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు, మందం పెంచి కొత్తగా చేయించాడట. వెనక స్ప్రింగుగా పనిచేసే ఉక్కు పట్టీల దొంతర, అదే కమాన్ కట్టలో ఇంకో పట్టీ వేయించి, కమానుకూ ఇరుసుకూ మధ్య బ్లాకులు పెట్టి బండిని కిందికి దించాడట. కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు బుష్‌లన్నీ తీసేసి, గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయురెథేన్‌వి కొట్టించాడట. "మలుపులో అసలు వాలదన్నా" అన్నాడు. నిజమే, అలా చేస్తే వాలదు.

వెనక తలుపు తీసి చూశాను. కొత్తగా కుట్టించిన సీటు, దాని మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. "వెనక ఎవరినైనా కూర్చోబెట్టి తిప్పావా తమ్ముడూ?" అని అడిగాను. "ఇంకా లేదన్నా. ఎప్పుడూ నేనూ మా ఫ్రెండూ ముందే కూర్చుంటాం" అన్నాడు.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రెండేళ్ళ కింద మా బండికి నేను చేయించింది కూడా దాదాపు అదే. ఆ తర్వాత జరిగినవి, నేను విప్పి చూసి నేర్చుకున్నవి కలిపి ఒక అభిప్రాయానికి వచ్చాను. పాత కారు బాగా నడవాలంటే దాన్ని గట్టిపరచాలనీ, సుఖం కావాలంటే నడక వదులుకోవాలనీ మనం అనుకుంటున్నాం. ఆ లెక్క మన రోడ్ల మీద తప్పు. గతుకుల రోడ్డు మీద నడిపేవాడికీ, వెనక కూర్చున్నవాళ్ళకీ కావలసింది చాలావరకు ఒకటే: చక్రం నేలను వదలకుండా ఉండటం.

ఖమ్మం ప్రయాణం

మాది 1978 అంబాసిడర్ మార్క్ 3. నాన్న ఖమ్మంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక కొన్నేళ్ళు షెడ్డులోనే ఉండిపోతే నేను హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఇంజను పని అయ్యాక సస్పెన్షన్ మీద పడ్డాను. హైవే మీద లేను మారితే వెనక భాగం ఓ క్షణం ఆలస్యంగా వచ్చి చేరేది. బ్రేకు తొక్కితే మూతి నేలకు వంగేది. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడు సార్లు ఊగేది. పాత బండ్లకు కొత్త హంగులు చేసే ఒక గ్యారేజీలో ఇచ్చాను. వాళ్ళు ముందు వైపు టార్షన్ బారును దాని చివర ఉండే పళ్ళలో ఒక పన్ను జరిపి కిందికి దించారు. వెనక కమాన్లలో ఒక్కో పట్టీ ఎక్కించి, బ్లాకులు పెట్టి అక్కడా దించారు. బరువైన బండికి వాడే షాకబ్జార్బర్లు తొడిగారు. బుష్‌లన్నీ మార్చారు, కమాను దగ్గర పాలీయురెథేన్‌వి వేశారు. టైర్లలో 35 పాయింట్ల గాలి కొట్టించారు. పదిహేను రోజుల తర్వాత బండి చేతికొచ్చింది.

ఆ సాయంత్రమే ఔటర్ రింగు రోడ్డు ఎక్కాను. చెప్పకపోతే అబద్ధమవుతుంది, చాలా సంతోషపడ్డాను. 80 మీద లేను మారితే బండి స్టీరింగుతో పాటే వచ్చింది. ఊగడం లేదు, మూతి వంచడం లేదు. నాన్న ఉంటే చూపించేవాణ్ణి కదా అనుకున్నాను.

తర్వాత వారం అమ్మను తీసుకుని ఖమ్మం బయల్దేరాం. సూర్యాపేట దాకా విజయవాడ హైవే, పెద్ద ఇబ్బంది లేదు. సూర్యాపేట దాటి ఊళ్ళ మధ్యలోకి వెళ్ళాక మొదలైంది. అమ్మ ఒళ్ళో పచ్చడి పెట్టిన స్టీలు డబ్బా ఉంది. ముందు ఒక చేత్తో పట్టుకుంది. నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటాక రెండు చేతులూ వేసింది. ఆ తర్వాత డబ్బా కింద పెట్టేసి, ఒక చేత్తో తలుపు పైన పట్టీ, ఇంకో చేత్తో ముందు సీటు పట్టుకుంది. అద్దంలో కనిపిస్తూనే ఉంది. టీ తాగడానికి ఆపినప్పుడు నడుము మీద చెయ్యి వేసుకుని దిగి, "వచ్చేటప్పుడు నేను బస్సులో వస్తాలే నాన్నా, నువ్వు నెమ్మదిగా రా" అంది. ఆమె ఈ బండి వెనక సీట్లోనే నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఎన్నో ఊళ్ళు తిరిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

సుఖం పోయింది సరే, నడకైనా బాగుపడిందా? అక్కడే నా నమ్మకం మొత్తం కదిలింది. ఊరు దగ్గర పడుతుండగా ఒక మలుపులో తారు లేచిపోయి కంకర తేలి ఉంది. 50 మీద ఉన్నానేమో. బండి వాలలేదు, కానీ వెనక చక్రాలు టకటకా ఎగిరి మొత్తం వెనక భాగం మూరెడు పక్కకు జరిగింది. పాత మెత్తని సస్పెన్షన్‌తో అదే మలుపులో వందసార్లు పోయి ఉంటాను, ఊగుతూ పోయేది గానీ ఎప్పుడూ జారలేదు. గాల్లో ఉన్న చక్రానికి ఎంత మంచి టైరు వేసినా పట్టు ఉండదు. ఔటర్ రింగు రోడ్డు మీద నాకు కనిపించిన గుణం ఆ రోడ్డుదే, బండిది కాదు.

ఇంటికి చేరాక బండి కింద దూరి చూశాను. వెనక యాక్సిల్ (ఇరుసు) పైన ఉండే దెబ్బ రబ్బరు చీలిపోయి ఉంది. దాని ఎదుటి ఇనుము రూపాయి బిళ్ళంత మేర మెరుస్తోంది. అంటే చక్రం పైకి లేచిన ప్రతిసారీ రబ్బరుకు కొట్టుకుంటోంది. ముందు వైపూ దించారు కాబట్టి అక్కడా చక్రం ఆడే చోటు తగ్గిపోయింది. స్ప్రింగు ఎంత మంచిదైనా, ఆడే చోటు అయిపోయి రబ్బరును తాకిన క్షణంలో ఆ మూల స్ప్రింగే లేనట్టు లెక్క.

ఊయల లెక్క

కారణం తెలుసుకోవాలని ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను, కొలిచాను. అందులో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది, కారు ఒక ఊయల అన్న సంగతి. ఊయలను దాని లయలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది. కారు కూడా అంతే, ప్రతి కారుకూ ముందు ఒక లయ, వెనక ఒక లయ ఉంటాయి. షాకబ్జార్బర్లు విప్పిన రోజు డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి ఆ లయ దొరికేదాకా తోశాను. మా తమ్ముడు ఫోన్లో వీడియో తీశాడు. ఎక్కువ పట్టీ ఉన్నప్పుడు 20 ఊపులకు 12 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 100. ముందు వైపు 20 ఊపులకు 16 సెకన్లు, నిమిషానికి 75.

మామూలు కుటుంబ కారుకు ఈ లెక్క నిమిషానికి 60 నుంచి 90 మధ్య ఉంటే ఒంటికి హాయి. మనం నడిచేటప్పుడు ఒళ్ళు లేచిపడే వేగానికి అది దగ్గర, కొంచెం తక్కువ. అంతకంటే బాగా పెరిగితే కుదుపు కడుపులోకీ, వెన్నులోకీ ఎక్కుతుంది. నిలువు కుదుపుల్లో మనిషి ఒంటికి ఎక్కువ బాధ పెట్టేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి. గట్టి స్ప్రింగు, గట్టి షాకబ్జార్బరు, గట్టి బుష్, నిండా గాలి పట్టిన టైరు, నాలుగూ కలిసి సరిగ్గా ఆ కుదుపులనే సీటు దాకా మోసుకొస్తాయి.

ఇంకో కొలత కూడా చెప్తాను, ఎందుకంటే బండిని కిందికి దించేవాళ్ళు దీన్ని పట్టించుకోరు. స్ప్రింగు బండి బరువుకు ఎంత దిగి నిలబడిందో తెలిస్తే లయ తెలిసినట్టే. సెకనుకు ఒక ఊపు ఉండాలంటే స్ప్రింగు బండి బరువుకు దాదాపు 25 సెంటీమీటర్లు దిగి ఉండాలి. ఒకటిన్నర ఊపులకు 11 చాలు. రెండు ఊపులకు 6. మెత్తదనానికి చోటు కావాలి. చోటు తగ్గించి మెత్తగా ఉంచడం కుదరదు. బండిని రెండంగుళాలు దించినవాడు, రబ్బరుకు కొట్టుకోకుండా ఉండాలంటే స్ప్రింగును గట్టిపరచక తప్పదు. కిందికి దించాలన్న మోజుతోనే సుఖం చేయి జారిపోతుంది, మిగతావన్నీ దాని వెనక వచ్చేవే.

టార్షన్ బారు గురించి గ్యారేజీల్లో చలామణీలో ఉన్న మాట ఒకటుంది: బారు బిగిస్తే బండి గట్టిపడుతుందని. బిగించినా వదులు చేసినా మారేది ఎత్తు మాత్రమే. గట్టిదనం బారు పొడవు, మందం మీద ఉంటుంది. బాగా పైకి లేపినప్పుడు గట్టిగా అనిపించడానికి కారణం వేరు. చక్రం కిందికి వేలాడే చోటు తగ్గిపోయి, గుంతలో దిగిన ప్రతిసారీ చివరకంటా వెళ్ళి దబ్బుమంటుంది. ఇక మందం పెంచితే ఏమవుతుందో చూడండి: బారు మందం 10 శాతం పెంచితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లేత్ మీద "కొంచెం లావుగా" చేయించుకున్న బారు, కొంచెం గట్టిది కాదు. ఆ నల్ల అంబాసిడర్ కుర్రాడికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ముందుకూ వెనక్కూ ఉండే సంబంధం ఇంకా ఆసక్తికరం. రోల్స్ రాయిస్ నుంచి అమెరికా వెళ్ళి, 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మోరిస్ ఆలీ అనే ఇంజనీరు దీన్ని తేల్చాడు. రోడ్డు మీది ఎత్తు ముందు చక్రానికి మొదట తగులుతుంది, వెనక చక్రానికి కాస్త ఆలస్యంగా తగులుతుంది. మన అంబాసిడర్‌కు రెండు యాక్సిళ్ళ మధ్య 2,464 మిల్లీమీటర్లు. 60 కిలోమీటర్ల వేగంలో ఆ ఆలస్యం సెకనులో ఏడో వంతు. వెనక లయ ముందు దానికంటే కొంచెం ఎక్కువగా ఉంటే, ఆలస్యంగా మొదలైన వెనక భాగం ముందు భాగాన్ని అందుకుని, రెండూ కలిసి సమంగా లేచి దిగుతాయి. ముందు వైపు మరీ గట్టిగా ఉంటే బండి గుర్రంలా మూతీ తోకా ఎగరేస్తుంది. మెడ నొప్పి అక్కడ్నించే వస్తుంది. ముందు మాత్రమే లావు బార్లు వేసి, వెనక అలాగే వదిలేసిన బండిలో కూర్చుంటే ఇది మొదటి కిలోమీటర్లోనే తెలుస్తుంది.

ఆటోనగర్‌లో అడిగిన ప్రశ్న

ఖమ్మంలో మా బాబాయి ముప్ఫై ఏళ్ళకు పైగా అంబాసిడర్ టాక్సీ తోలాడు. ఆయనకు చూపిస్తే, "పట్టీ ఎక్కించడం తప్పేం కాదురా, మేమందరం ఎక్కించినోళ్ళమే" అన్నాడు. ఆయన మాటా సబబే. ఆ రోజుల్లో ఆయన బండిలో వెనక ఐదుగురు, ముందు ముగ్గురు, డిక్కీలో బియ్యం మూటలు. ఆ బరువుకు ఎక్కువ పట్టీ ఉంటేనే లయ సరిపోయేది, లేకపోతే చక్రం ఫెండరుకు రాసుకునేది. మా నాన్న కొన్న బండి అంతకుముందు టాక్సీగా తిరిగిందే. కట్ట విప్పి చూస్తే దానికి ముందే ఎవరో ఒక పట్టీ ఎక్కించి ఉన్నారు, గ్యారేజీవాళ్ళు చూసుకోకుండా దాని మీద ఇంకోటి ఎక్కించారు. ఎనిమిది మందిని మోసే కమాను మీద ఇద్దరం కూర్చుని తిరుగుతున్నామన్నమాట.

బాబాయి పంపితే విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి కట్టలు తీసుకెళ్ళాను. అక్కడ సుత్తి చప్పుళ్ళ మధ్య మాట వినపడదు. ఆయన కట్ట విప్పి, పట్టీలు వరసగా నేల మీద పరిచి, ఒక్కోదాన్ని గోడకు ఆనించి కన్ను పెట్టి చూశాడు. తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు సార్? ఎంతమంది?" అమ్మ ఒక్కతే, అప్పుడప్పుడు పిన్ని అన్నాను. "డిక్కీలో?" ఒక సూట్‌కేసు. "మరి ఇన్ని పట్టీలు ఎవరి కోసం?" అన్నాడు. పదిహేను రోజులు బండి ఉంచుకున్న గ్యారేజీలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు.

ఆయన పట్టీల మీద గోరుతో గీకితే తుప్పు పొడి రాలింది. ఒక పట్టీ మీద ఇంకో పట్టీ చివర ఒరుసుకున్న చోట గాడి పడి ఉంది. కమాన్ కట్ట వంగాలంటే పట్టీలు ఒకదాని మీద ఒకటి జరగాలి. తుప్పు పట్టి బిగుసుకుంటే చిన్న గతుకుకు కట్ట కదలనే కదలదు, ఒంటి బద్దలా ఉండిపోతుంది. పెద్ద గుంత వస్తే ఒక్కసారిగా జారుతుంది. చిన్న కంకరకు కూడా వెన్ను జివ్వుమనడానికి కారణం ఈ పట్టుడు. మనం దాన్ని స్ప్రింగు గట్టిదనం అనుకుంటాం. ఆయన రెండు కట్టల్లోంచీ ఎక్కువ పట్టీలు తీసేశాడు. వాలిపోయిన పట్టీలను కొలిమిలో పెట్టకుండా చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెచ్చాడు. కాల్చి కొడితే పని తేలికే గానీ, మళ్ళీ సరిగ్గా నీరు పెట్టకపోతే ఉక్కు గుణం పోయి ఆరు నెలల్లో కూర్చుంటుందని చెప్పాడు. అంచులు నున్నగా గీసి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు పూసి బిగించాడు.

బుష్‌ల సంగతి ఇంటి దగ్గర నేనే విప్పి చూశాక తెలిసింది. పాలీయురెథేన్ మీద నాకు పగ లేదు, స్టీరింగు రాడ్ల వంటి కొన్ని చోట్ల అది మంచిదే. కమాను చివరల్లో బండికి తగిలించే చెవుల్లో మాత్రం ఒక చక్రం లేచినప్పుడు చెవి కాస్త మెలి తిరగాలి. మామూలు రబ్బరు ఆ మెలిని మింగుతుంది, గట్టి బుష్ ఎదురు తిరుగుతుంది. మళ్ళీ రబ్బరువే వేయించాను. అప్పుడు ఇంకో తప్పు బయటపడింది. రబ్బరు బుష్ జారదు, లోపల మెలి తిరుగుతుంది. అందుకే దాని బోల్టు ఆఖరి బిగింపు బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే బిగించాలి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, దించిన క్షణం నుంచీ రబ్బరు మెలి పడే ఉంటుంది. బండి ఎత్తుగా నిలబడుతుంది, గట్టిగా ఉంటుంది, కొన్ని నెలల్లో బుష్ చీలిపోతుంది. ముందు వైపు చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్ బుష్‌లను అప్పుడు మార్చింది రబ్బరుతోనే, బిగించింది మాత్రం జాకీ మీదే. అంచులు అప్పుడే చిట్లాయి. ఒక్క స్పానర్ బిగింపు ఎప్పుడు వేశామన్న దాని మీద ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు వెనక 20 ఊపులకు 14 సెకన్లు. నిమిషానికి 86. ముందు 75 అలాగే ఉంచాను, వెనక బ్లాకులు తీసేసి, బారును మళ్ళీ ఒక పన్ను జరిపి పాత ఎత్తుకు తెచ్చాను. ముందు కంటే వెనక కాస్త ఎక్కువ, ఆలీ చెప్పినట్టు.

అసలు మార్పు తెచ్చింది షాకబ్జార్బర్లు. ఆయిల్ కారకపోతే బాగున్నట్టే అని చాలామంది మెకానిక్‌లు అంటారు. కారకుండానే లోపల వాల్వులు అరిగిపోతాయి. నాన్న హయాం నుంచి ఉన్నవి చేత్తో నొక్కితే సైకిల్ పంపులా దిగిపోయేవి. మొదట నాకు కావలసిందల్లా ఈ బండి బరువుకు తగిన కొత్త షాకబ్జార్బర్లు. గ్యారేజీవాళ్ళు బరువైన బండివి వేశారు, అవి చక్రాన్ని కిందికి తిరిగి రానివ్వకుండా పట్టేసేవి. వరసగా గతుకులు వస్తే చక్రం దిగేలోపే ఇంకో గతుకు వచ్చి, బండి క్రమంగా కిందికి కూరుకుపోయేది. వాటిని తీసేసి అంబాసిడర్ కొలతవే కొత్తవి వేశాను. లేను మారినప్పుడు వెనక భాగం ఆలస్యంగా రావడం, దాటాక మూడుసార్లు ఊగడం, రెండూ పోయాయి. నేను స్ప్రింగు తప్పు అనుకున్నది షాకబ్జార్బరు తప్పు.

టైర్లు రేడియల్‌వే ఉంచాను గానీ సన్నవే, పాత కొలతకు దగ్గరవి. గాలి 26, 28 మధ్య. టైరే మొదటి స్ప్రింగు. దాంట్లో 35 కొట్టి, కింద ఎంత మెత్తని కమాను వేసుకున్నా లాభం లేదు. పవర్ స్టీరింగు లేని బండికి వెడల్పు టైర్లు వేస్తే పార్కింగులో భుజాలు చెబుతాయి. బరువు చక్రాలైతే ఇంకో నష్టం. వెనక మొత్తం యాక్సిల్ ఒకే ముక్కగా లేచిపడే బండి ఇది, ఆ బరువు ఇప్పటికే ఎక్కువ. దానికి మనం ఇంకా కలిపితే చక్రం నేలను అంటిపెట్టుకోవడం కష్టమవుతుంది.

ఇంకొకటి, వెనక సీటు. సస్పెన్షన్ అంటే బండి కిందే ఉంటుందనుకుంటాం. సీటు విప్పితే లోపలి స్ప్రింగులు మూడు విరిగి ఉన్నాయి, మీది మెత్త పొడిపొడిగా రాలిపోయింది. అమ్మ నడుముకు మిగతా అన్నిటికంటే ముందు ఆ సీటు పని చేయించాల్సింది.

గట్టి బండి వాళ్ళ మాటలో నిజం

ఇదంతా చదివి, మెత్తని బండి నడపలేమనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట తీసిపారేయను. వాలడం అనేది నడిపేవాడికి కంగారు పుట్టిస్తుంది. హఠాత్తుగా గేదె అడ్డం వచ్చి స్టీరింగు ఒక పక్కకు కోసి మళ్ళీ ఇంకో పక్కకు కోసినప్పుడు, మెత్తని బండి బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చేరడానికి సమయం తీసుకుంటుంది. ఆ సమయంలో బండి ఎటు పోతుందో తెలియదు. నేను 86 ఊపుల దగ్గర ఆగాను. 60 దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళను. మెత్తదనానికి నేనూ ఒక హద్దు పెట్టుకున్నాను.

అయితే గట్టి స్ప్రింగు లేకుండా మంచి నడక రాదన్న మాటకు 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ ఒక్కటే చాలిన జవాబు. స్పోర్ట్స్ కారే, మలుపుల్లో దాని పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. లోటస్ కంపెనీ స్థాపించిన కోలిన్ చాప్‌మన్ దానికి మెత్తని స్ప్రింగులు, చక్రం ఆడటానికి బోలెడు చోటు, వాటిని అదుపు చేసే మంచి షాకబ్జార్బర్లు పెట్టాడు. మా అంబాసిడర్ ఎలాన్ కాదు, బరువులోనూ కాదు, వెనక యాక్సిల్‌లోనూ కాదు. కానీ దారి అదే అని నా నమ్మకం.

తేల్చుకోలేకపోయింది ఒక్కటే, యాంటీ రోల్ బారు, అంటే రెండు పక్కల చక్రాలనూ కలిపి బండి వాలకుండా పట్టే కడ్డీ. ఒక స్నేహితుడు ఇస్తే ముందు వైపు కట్టి నెల రోజులు తిరిగాను. శ్రీశైలం ఘాట్ మీద దాని గుణం తెలిసింది. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్ళాక ఒకదాని వెనక ఒకటి వచ్చే మలుపుల్లో బండి నిటారుగా తిరిగింది, పక్కన కూర్చున్న తమ్ముడు కూడా తలుపు పట్టుకోలేదు. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద అది అడ్డం రాదు, అదీ మంచిదే. ఇబ్బంది ఒక చక్రం మాత్రమే గుంతలో పడినప్పుడు. ఎడమ చక్రం దిగితే కుడి పక్కను కూడా లాగుతుంది, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. మన పల్లె దారుల్లో తారు అంచు విరిగి ఒక పక్క చక్రాలే మట్టిలోకి దిగుతాయి కదా. ఖమ్మం జిల్లాలో తిరిగేటప్పుడు తీసేద్దామా అనిపిస్తుంది, ఘాట్‌కు వెళ్ళేటప్పుడు కట్టుకుందామా అనిపిస్తుంది. ప్రస్తుతానికి విప్పి పక్కన పెట్టాను. ఇంకా సన్నది దొరికితే మళ్ళీ చూస్తాను.

స్పీడ్ బ్రేకర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. మన దేశపు రోడ్డు ప్రమాణాల్లో గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని రాసి ఉంది. 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటడానికి. మన ఊళ్ళలో వేసేవి ఎత్తు అంతే ఉంటాయి గానీ మీటరు వెడల్పు కూడా ఉండవు. కంపెనీవాళ్ళు ఏ రోడ్డు కోసం బండి చేశారో ఆలోచించుకునేవాళ్ళు, మనం ఏ రోడ్డు మీద తిప్పుతున్నామో కూడా చూసుకోవాలి. అంబాసిడర్ కింద ఉన్నది 1950ల ఇంగ్లండు కారు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అదే ఇనుము 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. ఇన్ని దశాబ్దాలు మన దారుల మీద నిలబడింది దాని కింద చక్రాలు ఆడే చోటు ఉండటం వల్లే.

వెనక ఎత్తించుకునేవాళ్ళకు కూడా ఒక మాట. కమాను చెవిని బండికి కలిపే షాకిళ్ళు పొడవువి వేసి వెనక భాగం లేపితే చూడటానికి బాగుంటుందని కొందరి ఇష్టం. కానీ కమాను ముందు చెవి యాక్సిల్ కంటే పైకి వెళ్ళినకొద్దీ, మలుపులో బండి వాలినప్పుడు యాక్సిల్ తనంతట తాను వెనక భాగాన్ని బయటికి నెట్టే వైపు తిరుగుతుంది. స్టీరింగు మనం పట్టుకున్నామనుకుంటాం, వెనక నుంచి ఇంకొకరు కూడా తిప్పుతున్నట్టుంటుంది. ఘాట్ దిగేటప్పుడు, తడి రోడ్డు మీద, అది నిజంగా ప్రమాదం. ఈ ఒక్కదానిలో మాత్రం నేను ఎవరి ఇష్టానికీ వదిలేయమనను.

పాతదాన్ని పాతగానే ఉంచాలనేవాళ్ళతో నాకు సగం పేచీ ఉంది. అరిగిన షాకబ్జార్బరు కూడా ఒరిజినలే అంటే ఒప్పుకోను. కానీ కోసి, వెల్డింగు చేసి, మళ్ళీ వెనక్కి తేలేని మార్పులు వద్దన్న వాళ్ళ మాట మాత్రం సరైనది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజిగా నమోదు చేసుకోవచ్చు. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో మార్పులు ఉండకూడదు. మా బండికి 2028లో యాభై నిండుతాయి. అందుకే నేను చేసిన ప్రతిదీ స్పానర్‌తో విప్పి వెనక్కి పెట్టగలిగేదే. తీసేసిన పట్టీలు కూడా నూనె రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను.

నల్ల అంబాసిడర్ కుర్రాడికి ఆ రోజు ఇవన్నీ చెప్పలేదు. కొత్తగా చేయించుకున్న ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేకపోయింది. కానీ పోయే ముందు మా బండి తాళం అతని చేతికిచ్చి ఒక రౌండు వేసి రమ్మన్నాను. తిరిగొచ్చి చాలాసేపు మాట్లాడలేదు, బండి చుట్టూ తిరిగి వెనక చక్రం పక్కన కూర్చుని లోపలికి చూశాడు. "ఇంత మెత్తగా ఉండి కూడా ఊగట్లేదేంటన్నా?" అన్నాడు. ఫోన్ నంబరు తీసుకున్నాను. వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తానన్నాడు. జాకీ, రెండు స్టాండులు, గ్రాఫైట్ గ్రీజు డబ్బా సిద్ధంగా ఉన్నాయి. ముందు షాకబ్జార్బర్లు విప్పి ఊపులు లెక్కపెడదాం, తర్వాతే ఏం తీయాలో చూద్దాం అన్నాను. వచ్చేటప్పుడు వాళ్ళ నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రమ్మన్నాను.